నైరూప్య చిత్రాన్ని అడ్డంగా తిప్పి అచ్చువేయకండి

సంపాదకులకు నమస్కారం.

గుర్తుపట్టే రూపాలు లేకుండా రంగులు, గీతలతోనే బొమ్మ వేసే నైరూప్య (అబ్‌స్ట్రాక్ట్) చిత్రకారులు కొత్త చిత్రాలతో ప్రదర్శన పెడితే మన పత్రికల్లో వచ్చే వార్త దాదాపు ఒకేలా ఉంటుంది. జ్యోతి వెలిగిస్తున్న అతిథి ఫొటో, దాని కింద 'ఆకట్టుకున్న రంగుల హరివిల్లు' అని ఒక వాక్యం. చిత్రం పేరు ఉండదు, కొలతలు ఉండవు, వాడిన రంగు ఆయిలో ఆక్రిలిక్కో కూడా తెలియదు. చోటు చాలకపోతే బొమ్మ అంచులు కోసేస్తారు, ఒక్కోసారి అడ్డంగా తిప్పేస్తారు. మనిషి బొమ్మైతే ఆ తప్పు ఎవరైనా పట్టేస్తారు. నైరూప్య చిత్రానికి ఆ రక్షణ లేదు.

పెద్ద మ్యూజియాల్లో కూడా ఈ పొరపాటు జరిగింది. డచ్ నైరూప్య చిత్రకారుడు మోండ్రియాన్ 1941లో రంగు టేపులతో చేసిన 'న్యూయార్క్ సిటీ 1' 1945 నుంచీ తలకిందులుగానే వేలాడుతోందని 2022లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ మ్యూజియం క్యురేటర్ చెప్పారు. 1944లో ఆయన స్టూడియోలో తీసిన ఫొటోలో అది ఇప్పటి తీరుకు తలకిందులుగా నిలబెట్టి ఉంది. ఆ ఫొటో అచ్చయింది ఒక పత్రికలోనే. పట్టు సడలిన టేపులు ఇప్పుడు తిప్పితే ఊడిపోతాయని దాన్ని అలాగే ఉంచేశారు.

కాబట్టి మీ ఫొటోగ్రాఫర్లకు ఒక మనవి. సంతకం ఉన్న వైపే కింద అని నమ్మవద్దు. చాలామంది క్యాన్వాస్ వెనకే సంతకం చేసి, పేరు, సంవత్సరం రాసి, పై అంచు వైపు బాణం గుర్తు వేస్తారు. గ్యాలరీ వాళ్లను అడిగితే చెబుతారు. ఫ్లాష్ వాడితే ఆయిల్ మెరుపు మీద తెల్ల మచ్చ పడుతుంది. లెన్స్‌ను చిత్రం మధ్యభాగానికి సూటిగా పెట్టి, వెనక్కి జరిగి జూమ్ చేయాలి. దగ్గర నిలబడి ఫోన్ వైడ్ లెన్స్‌తో తీస్తే నిటారు గీతలు వంగిపోతాయి. గ్యాలరీలో పసుపు ఛాయ లైట్లుంటే కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెలుపుగా చూపే అమరిక) సరిచేసుకోవాలి, లేకపోతే తెలుపు గోధుమ రంగులోకి, నీలం బూడిద రంగులోకి దిగిపోతాయి. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చేస్తుంది కనుక ముదురు నీలం, ముదురు ఎరుపు పక్కపక్కనే ఉంటే రెండూ ఒకే నలుపవుతాయి. అందుకే చిత్రం మొత్తాన్ని చిన్నగా వేసి, పక్కనే అరచేతంత ముక్కను అసలు సైజులో వేయండి.

ఆ ముక్క ఎందుకంటే, ఈ చిత్రాల్లో అసలు పని పైపొరలో జరుగుతుంది. న్యూయార్క్‌లోని గుగెన్‌హైమ్ మ్యూజియం 2014లో ప్రదర్శన పెట్టిన భారతీయ నైరూప్య చిత్రకారుడు వి.ఎస్. గాయ్‌తోండే సంగతే చూడండి. దూరం నుంచి ఆయన క్యాన్వాస్ ఒకే రంగు గోడలా ఉంటుంది. దగ్గరికి వెళితే రోలర్‌తో పరిచిన పొర, ప్యాలెట్ నైఫ్‌తో (రంగులు కలిపే చాకుతో) గీకిన చోటు, కాగితం అద్ది రంగును ఎత్తేసిన చోటు వేరువేరుగా తెలుస్తాయి. కింది పొర ఎక్కడ బయటపడిందో చూస్తేనే ఆ వెలుగు లోపలి నుంచి వస్తున్నట్టు ఎందుకనిపిస్తుందో అర్థమవుతుంది. 'దీని అర్థమేమిటి?' అని చిత్రకారుణ్ని అడిగే మీ విలేకరి 'మొదట ఏ రంగు వేశారు, ఏది తీసేశారు?' అని అడిగితే చక్కటి జవాబు వస్తుంది.

గ్యాలరీల వైపూ లోపాలున్నాయి. స్పాట్‌లైట్ నిలువు గీతకు 30 డిగ్రీల వాలులో పడాలి. అంతకన్నా నిటారుగా పడితే మందపు రంగు కింద పొడుగు నీడలు, అంతకన్నా వాలితే చూసేవాళ్ల కంట్లో మెరుపు. కాగితం మీది నీటిరంగులకు వెలుగు 50 లక్స్ (వెలుగు కొలత) దాటకూడదు, ఆయిల్, ఆక్రిలిక్ చిత్రాలకు 200 వరకూ ఫరవాలేదు. చిత్రం మధ్యభాగం నేల నుంచి 57-60 అంగుళాల ఎత్తులో ఉండాలి. ఎండాకాలంలో ఆక్రిలిక్ చిత్రాలకు బబుల్ ర్యాప్ నేరుగా చుడితే బుడగల అచ్చులు రంగు మీద దిగబడతాయి. మధ్యలో సిలికాన్ పూసిన కాగితం తప్పనిసరి.

వార్త రాసేటప్పుడు బొమ్మ కింద పేరు, సంవత్సరం, మాధ్యమం (ఏ రంగులు, దేని మీద వేశారో), కొలతలు ఇవ్వండి. కొలతల్లో ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. అది తారుమారైతే నిలువు చిత్రం అడ్డచిత్రమైపోతుంది. ప్రదర్శన ఎన్నో తేదీ వరకు, ఏ వేళల్లో అన్నదీ రాయండి. చాలా ప్రదర్శనలు వారం పది రోజులే ఉంటాయి, వార్త మొదటి రెండు రోజుల్లో వస్తేనే పాఠకులు వెళ్లి చూడగలరు.

- చిత్రకళ అధ్యాపకుడు, హైదరాబాద్