కూడితే కిలోలు ఎక్కడికి పోయాయి?

తిరుపతి

మచ్చా,

దామలచెరువు మామిడి మండీలో నువ్వు రాసిన ప్రోగ్రామ్‌తో రైతు చేతికి 'బరువు: ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్' అన్న చీటీ ఇచ్చి, మీ చిన్నాయనకు ఏం సర్దిచెప్పావురా! ఫోన్లో చెబితే సగం చెవిన పెట్టవని రాస్తున్నా.

నీ లెక్క బాగానే ఉంది. తూకం అనే ఆబ్జెక్ట్‌ను, అంటే వివరాలన్నీ కలిపి కట్టిన మూటను, మాటల పక్కన ప్లస్‌తో అతికించావు, అంతే. నువ్వు కోడ్ రాసిన జావాస్క్రిప్ట్ భాష ఆబ్జెక్ట్‌లను ఉన్నపళంగా కూడలేదు. ముందు స్ట్రింగో (అక్షరాల వరస) నంబరో, ఏదో ఒక ప్రిమిటివ్, అంటే విడి విలువ, కావాలి. దానికోసం ఆబ్జెక్ట్‌నే అడుగుతుంది, అడిగేటప్పుడు ఏ రకం విలువ కావాలో ఒక హింట్ ఇస్తుంది. బ్యాక్‌టిక్ (`) గుర్తుల మధ్య రాసే స్ట్రింగ్‌లో పెడితే స్ట్రింగ్ హింట్. తీసివేతకీ, హెచ్చవేతకీ నంబర్ హింట్. ప్లస్ కూడడానికీ అతికించడానికీ పనికొస్తుంది కదా, అందుకే ఎటూ తేల్చకుండా డిఫాల్ట్ అంటుంది.

ఆబ్జెక్ట్‌లో రెండు ఫంక్షన్లుంటాయి. స్ట్రింగ్ హింట్‌కి ముందు టూస్ట్రింగ్‌ను పిలుస్తుంది, తర్వాత వాల్యూఆఫ్‌ను. మిగతా రెంటికీ వాల్యూఆఫ్ ముందు. నువ్వేమీ రాయలేదు కాబట్టి వాల్యూఆఫ్ ఆ ఆబ్జెక్ట్‌నే తిరిగిచ్చింది. అది పనికిరాదు. టూస్ట్రింగ్ దగ్గరికి పోతే ఆ దిక్కుమాలిన మాట వచ్చింది. రెండూ ఆబ్జెక్ట్‌లే ఇచ్చుంటే టైప్ ఎర్రర్.

సరే, '820 కిలోలు' అని ఇచ్చే టూస్ట్రింగ్ రాశావనుకో. చీటీ బాగుపడుతుంది. కానీ రెండు తోతాపురి లోడ్లు కూడితే '820 కిలోలు640 కిలోలు' వస్తుంది! అది చూసి 820 ఇచ్చే వాల్యూఆఫ్ కూడా పెట్టావా, మొత్తం 1460 సరిగ్గా వస్తుంది గానీ చీటీలో 'బరువు: 820' అని మాత్రమే పడుతుంది. ప్లస్‌కి వాల్యూఆఫే ముందు దొరికింది మరి. ఒకటి సర్దితే ఇంకోటి.

2015లో వచ్చిన సింబల్.టూప్రిమిటివ్ అనే ఫంక్షన్ రాస్తే ఆ రెంటి జోలికే పోదు, హింట్ నేరుగా నీ ఫంక్షన్‌కే వస్తుంది. తేదీలకు వాడే డేట్ ఆబ్జెక్ట్‌లో ఉన్నది అదే. డిఫాల్ట్‌ను అది స్ట్రింగ్‌గా తీసుకుంటుంది. అందుకే తేదీలోంచి తేదీ తీసేస్తే మిల్లీసెకన్లు వస్తాయి, తేదీకి 1 కలిపితే చివర 1 అతుక్కున్న పొడుగాటి స్ట్రింగ్ వస్తుంది.

ఇదంతా తెలిసుండాలి గానీ, మండీ లెక్కల్లో నేనైతే వాడను. డబ్బుల వ్యవహారం. తూకం.కిలోలు అని నేరుగా తీసి కూడు, ప్రింట్ చేసేచోట 'కిలోలు' నువ్వే రాయి.

ఇంకోటి, కాటా మీద సున్నా ఉందో లేదో చూడ్డానికి ఇఫ్ షరతులో ఉత్త తూకం పెట్టకు. అక్కడ హింటూ లేదు, వాల్యూఆఫ్‌ని పిలవడమూ లేదు. లోపల సున్నా ఉన్నా ఆబ్జెక్ట్ ఎప్పుడూ ట్రూనే.

చిన్నాయనను అడిగానని చెప్పు.

నీ మచ్చా