రాయి ఏ ఊరిదో రాయించండి: మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు,

కొలనుపాక, పానగల్లు, అలంపూర్ లాంటి ఊళ్ల మ్యూజియాల్లో ఉన్న రాతి సంపద చిన్నదేమీ కాదు. వీటికి నిధులు అనగానే కొత్త భవనం, స్వాగత తోరణం, సెల్ఫీ పాయింటు గుర్తొస్తాయి. మేం అడిగేది అంత ఖర్చుది కాదు. ప్రతి శిల్పం, ప్రతి శాసనం కింద అది ఏ ఊళ్లో, ఏ చోట దొరికిందో రాయించండి.

చిన్న మ్యూజియాల్లో మామూలుగా కనిపించే బోర్డు "విష్ణువు, నల్లరాయి, 12వ శతాబ్దం" అని. విష్ణువని చూస్తేనే తెలుస్తోంది కదా! ఏ విష్ణువో చెప్పాలి. కుడి కింది చేతిలో పద్మం, పై చేతిలో శంఖం, ఎడమ పై చేతిలో చక్రం, కింది చేతిలో గద ఉంటే కేశవుడు. ఈ వరస మారేకొద్దీ మూర్తి మారుతుంది, మొత్తం 24. ఇంత మాత్రం రాసి ఉంటే బడిపిల్లలు పక్క విగ్రహం దగ్గరికి పోయి వాళ్లే లెక్క తేలుస్తారు. పిల్లలు చదవాలంటే బోర్డు నేల నుంచి మూడు, నాలుగు అడుగుల మధ్య ఉండాలి. ఆరుబయట వినైల్ స్టిక్కర్లు వద్దు, ఎండకు అక్షరాలు వెలిసి అంచులు లేస్తాయి.

ఊరి పేరు ఎందుకంత ముఖ్యమో చందుపట్ల శాసనం చెబుతుంది. 1289 నాటిది. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారి పుణ్యానికి పువ్వుల ముమ్మడి అనే అతను దేవుడికి భూమి ఇచ్చాడని అందులో ఉంది. రుద్రమ మరణకాలానికి చరిత్రకారులు పట్టుకున్న ఆధారం ఇదే. రాయి దొరికింది నల్గొండ వైపు కాబట్టే, ఆమె ఆ ప్రాంతంలోనే, తిరగబడిన సామంతుడు అంబదేవుడితో జరిగిన పోరులో చనిపోయి ఉంటుందన్న వాదన నిలబడింది. అదే రాయిని "శాసనం, 13వ శతాబ్దం" అంటూ ఏదో ఆవరణలో నిలబెట్టి ఉంటే ఆ వాదనకు చోటే లేదు.

శ్రీశైలం జలాశయం నిండేముందు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టారు. గుడికి ఆ భాగ్యం దక్కింది. ముంపు ఊళ్ల విడి శిల్పాలకు మిగిలిన చిరునామా మ్యూజియం రిజిస్టరులో, దొరికిన చోటు రాసిన గడి ఒక్కటే. ఆ పుస్తకాలు చెదల పాలు కాకముందే ప్రతి పేజీ స్కాన్ చేయించండి.

రాతి మీద నంబరు వేసేటప్పుడు ఎనామెల్ పెయింటు నేరుగా పూస్తున్నారు. సున్నపురాయి దాన్ని పీల్చుకుంటుంది, తర్వాత గీకితే రాతి పైపొర కూడా లేస్తుంది. వెనకవైపు, కనబడని మూల ముందు పారలాయిడ్ బి-72 (ఎసిటోన్‌లో కరిగే పారదర్శక రెసిన్) పూత వేసి, ఆరాక నల్ల ఇంకుతో నంబరు రాసి, పైన ఇంకో పూత వేయాలి. ఎసిటోన్ అద్దితే ఎప్పుడైనా పోతుంది.

ఇంతకంటే ప్రమాదం సిమెంటు దిమ్మెలు. శిల్పాన్ని పాదాల దాకా సిమెంటులో పాతేస్తే నేల చెమ్మ, సిమెంటులోని లవణాలు కలిసి రాతిలోకి పాకుతాయి. ఎండాకాలం నీరు ఆవిరైపోయి ఉప్పు లోపలే గడ్డకడుతుంది. ఆ ఒత్తిడికి పైపొర పొక్కులుగా రాలిపోతుంది. పాదాల దగ్గర తెల్లటి పొడి కనబడిందంటే ఉప్పు రాతిని తినడం మొదలైనట్టే. దాన్ని తడిగుడ్డతో తుడిస్తే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది. ముందు మెత్తని కుంచెతో పొడి దులపాలి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టిన కాగితపు గుజ్జు పట్టించి, ఆరాక తీసేసి, ఉప్పు తగ్గేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. ఇది కన్జర్వేషన్ కెమిస్టు పని, కాంట్రాక్టరుది కాదు. కొత్త దిమ్మెలకు శిల్పం కింద సీసం రేకు పరిచి, స్టెయిన్‌లెస్ స్టీలు ఊతాలతో నిలబెడితే చాలు.

శాసనాలకైతే లైటు. ఎదురుగా పెట్టిన ఫ్లడ్‌లైటుకు అక్షరం కనబడదు, దాంతో చూసేవాళ్లు సుద్దముక్క రుద్దుతారు. చిన్న ఎల్‌ఈడీని పక్క నుంచి, రాతికి దాదాపు ఆనుకున్నట్టు వేస్తే గాట్లలో నీడ పడి అక్షరం లేస్తుంది. పక్కనే శాసన పాఠం, దాని సారాంశం నేటి తెలుగులో పెట్టించండి.

ముందుగా ముంపు ఊళ్ల శిల్పాల పని చేపట్టండి. అవి దొరికిన చోట్లు చూసి చెప్పగలిగిన పెద్దలు ఆర్ అండ్ ఆర్ (పునరావాస) కాలనీల్లో ఇంకా ఉన్నారు.

ఇట్లు,
శాసనాలు, శిల్పాలు చదివే కొందరు