రెడ్ రివర్ ఒడ్డున ఫిడేలు: సాంస్కృతిక విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కెనడాలో విన్నిపెగ్‌లోని మన తెలుగు సంఘం సంక్రాంతి, ఉగాది, దీపావళి వేడుకలను ఈ ఏడాది కూడా ఎప్పటిలాగే జరిపింది. వాటి జమాఖర్చులు కోశాధికారి విడిగా సమర్పిస్తారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు మేటీల ఫిడేలు సంగీతానికే ఇస్తున్నాను. మనం కాపురముంటున్న ఈ నేల ఎవరిదో, వాళ్ల పాట ఏదో మన పిల్లలకు తెలియాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం కదా!

బొచ్చుతోళ్ల వ్యాపారం కోసం ఫ్రెంచ్ కెనడియన్ పడవవాళ్లు, స్కాట్లండ్, ఆర్క్నీ దీవుల నుంచి హడ్సన్స్ బే కంపెనీ ఉద్యోగులు ఈ మైదానాలకు వచ్చారు. ఇక్కడి ఆదివాసులైన క్రీ, ఒజిబ్వే స్త్రీలతో వాళ్ల కుటుంబాలు ఏర్పడ్డాయి. ఆ సంతతి రెడ్ రివర్ లోయలో తనదైన భాష, వేషం, రాజకీయం గల జాతిగా నిలదొక్కుకుంది. వాళ్లే మేటీలు. ఫిడేలు కూడా ఆ వ్యాపారంతోనే ఇక్కడికి చేరింది. కొనే స్తోమత లేనివాళ్లు మేపుల్ చెక్కతో, బర్చ్ బెరడుతో సొంతంగా చేసుకున్నారు. క్రీ క్రియలు, ఫ్రెంచ్ నామవాచకాలు కలిసి మిషిఫ్ భాష పుట్టినట్టే, స్కాటిష్ నాట్యపు బాణీలు, ఫ్రెంచ్ వాళ్ల పాదాల దరువు, ఆదివాసుల పాటల నడక కలిసి ఈ సంగీతం పుట్టింది.

ఫిబ్రవరిలో లూయీ రియెల్ దినాన సెయింట్ బోనిఫేస్ కెథడ్రల్ ఆవరణలోని రియెల్ సమాధిని దర్శించాం. 1869–70లో మేటీల హక్కుల కోసం నిలబడి, మానిటోబా రాష్ట్రం ఏర్పడడానికి కారకుడైన నాయకుడు ఆయన. 1885లో బటోష్ దగ్గర కెనడా సైన్యం చేతిలో మేటీలు ఓడిపోయాక అదే ఏడాది నవంబరు 16న రెజైనాలో ఆయనను ఉరితీశారు. ఆ తరువాత భూములు పోగొట్టుకున్న ఎన్నో కుటుంబాలు రోడ్ల కోసం వదిలిన ప్రభుత్వ స్థలాల్లో గుడిసెలు వేసుకుని బతికాయి. కొన్నిచోట్ల మతగురువులు నాట్యాన్ని పాపమన్నారు. అయినా వంటింటి బల్ల ఒక పక్కకు జరిపి, తెల్లవార్లూ ఫిడేలు వాయించుకుంటూ ఆడేవారు. ఈ సంగీతం మనదాకా వచ్చిందంటే ఆ వంటిళ్ల చలవే.

వేసవిలో ఒక మేటీ ఫిడేలు విద్వాంసుడు మన హాలుకు వచ్చారు. వేదిక వద్దని, పిల్లల మధ్యే కుర్చీ వేయించుకున్నారు. 'రెడ్ రివర్ జిగ్' అనే నాట్యపు బాణీ మొదలుపెట్టే ముందు అన్నిటికంటే మందమైన తీగను ఒక స్వరం మేర పైకి బిగించారు. అప్పటిదాకా మామూలుగా పలికిన వాయిద్యం ఒక్కసారిగా గుంయిమంది. కమాను కదులుతున్నంతసేపూ ఆయన రెండు పాదాలూ నేలమీద దరువు వేస్తూనే ఉన్నాయి. వేరే తాళవాద్యం అవసరమే లేకపోయింది. ఈ జిగ్‌లో రెండు భాగాలు. పై తీగల మీద సాగుతున్నంతసేపు నర్తకులు మూల అడుగే వేస్తారు. కింది తీగలకు దిగగానే ఒక్కొక్కరు తమ ప్రత్యేకమైన అడుగు చూపిస్తారు.

మృదంగం నేర్చుకుంటున్న మన కుర్రాడు తొడమీద తాళం వేయబోయి నాలుగో వరుసలోనే తప్పాడు. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ తప్పాడు. తప్పు వాడిది కాదు. ఈ బాణీల్లో ఒక వరుసకు ఒక దెబ్బ ఎక్కువ, మరో వరుసకు ఒకటి తక్కువ రావడం సహజం. నర్తకులకు అది కాలికి తెలుసు. నాలుగు, ఎనిమిది లెక్కల్లో ఇమడలేదని దీన్ని చదువు లేనివాళ్ల వాయింపుగా కొట్టిపారేసినవాళ్లు ఉన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. 1980లలో సంగీత పరిశోధకురాలు ఆన్ లెడర్‌మన్ పశ్చిమ మానిటోబాలోని ఎబ్ అండ్ ఫ్లో వంటి ఊళ్లలో వృద్ధ వాదకుల ఫిడేలును రికార్డు చేశారు. అవి విన్నవారికి ఆ హెచ్చుతగ్గుల వెనక ఎంత పట్టు ఉందో తెలుస్తుంది.

మన వైపు కూడా ఫిడేలు ఈస్టిండియా కంపెనీ కాలంలో వచ్చిందే. మద్రాసులో బాలుస్వామి దీక్షితులు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దాన్ని శిఖరానికి చేర్చారు. ఈ సంగతి చెప్పగానే విద్వాంసుడు మన వయొలిన్ గురువు గారిని పక్కన కూర్చోబెట్టుకుని, గమకం ఎలా పలుకుతుందో చాలాసేపు అడిగి తెలుసుకున్నారు. ఈ ఏడాది మన కార్యక్రమాలన్నిటిలో నాకు అత్యంత విలువైన ఘట్టం అదే.

మేటీ ఫిడేలు వాదకులు ఆండీ డీ జార్లిస్, సస్కాచెవాన్‌కు చెందిన జాన్ ఆర్కాండ్‌ల రికార్డింగులు పిల్లలకు వినిపించాం. ఉత్తర మానిటోబాలోని షెరిడన్ బడిలో 1990లలో మొదలై ఎన్నో ఊళ్లకు పాకిన ఫిడేలు తరగతుల గురించి చెప్పాం.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదనలు ఇవి. మేటీ గురువు చేత నెలకొక తరగతి చెప్పించాలి. మన సంగీత గురువులకు ఇచ్చే పారితోషికానికి పైసా తగ్గకుండా వారికీ ఇవ్వాలి. వారి అనుమతి లేనిదే రికార్డు చేయకూడదు. మేటీల నేత నడికట్టును మన పిల్లలకు వేషంగా కట్టి వేదికనెక్కించే ఆలోచనను మానుకోవాలి. అది వారి జాతి గుర్తు. వీటిపై సర్వసభ్య సమావేశంలో ఓటింగు ఉంటుంది. తరగతుల్లో చేరదలచినవారు ఆ లోగా సాంస్కృతిక విభాగానికి పేర్లు ఇవ్వగలరు. ఫిడేలు లేనివారికి సంఘం అద్దెకు ఏర్పాటు చేస్తుంది.

– కార్యదర్శి, సాంస్కృతిక విభాగం