వ్యర్థజలాల లెక్క కంపెనీలే చెప్పేలా చూడండి

తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి సభ్య కార్యదర్శి గారికి నమస్కారం.

పటాన్‌చెరు ప్రాంతపు మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేశాక వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. ఆ మందు వాగులో పారితే బ్యాక్టీరియా దానికి అలవాటుపడుతుంది; రేపు ఆసుపత్రిలో అదే మందు పనిచేయదు. మందుల కంపెనీల వ్యర్థజలాలపై 2020 నాటి కేంద్ర ముసాయిదా నిబంధనల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెట్టారు. 2021 తుది నోటిఫికేషన్‌లో అవి లేవు. ఇది చాలా అన్యాయం.

అయినా చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదండీ. మందుల కంపెనీల అంతర్జాతీయ కూటమి ఒకటి 2022లో తనంతట తానే యాంటీబయాటిక్ తయారీలో వచ్చే వ్యర్థాల విషయంలో పాటించాల్సిన ఓ ప్రమాణం ప్రకటించింది. మన యాజమాన్యాలను పిలిచి, అది పాటించమని అడగండి. వ్యర్థజలాల్లో ఏ మందు ఎంత ఉందో నెలనెలా ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలుగులో రాసి పెట్టమనండి. నక్కవాగు పక్కన సాగు చేసుకునేవాళ్లకు ఆ అంకె తెలియాలి.

ఇట్లు,
సంగారెడ్డి జిల్లా వాసి