ఫారంలో ఉద్యోగి గడి

చి. బుజ్జికి,

నువ్వు వర్డ్‌లో చేసి పంపిన అప్రైజల్ ఫారం, అదే ఉద్యోగి పనితీరు మీద మేనేజరు రాసేది, చూశాను. చుక్కల గీత మీద టైపు చేస్తుంటే గీత పక్కకి జరిగి, పేరు కింది లైనులో పడుతోంది. చుక్కలు పెన్నుతో నింపే కాగితానికే సరి. టేబుల్ వేసుకో. లోపలి రాతను బట్టి గడి సైజు మారే టిక్కు తీసెయ్, లేకపోతే నిలువు వరసలు అటూ ఇటూ జరుగుతాయి.

వర్డ్‌లో డెవలపర్ ట్యాబు మామూలుగా కనపడదు. ఆప్షన్స్‌లో కస్టమైజ్ రిబ్బన్ దగ్గర టిక్కు పెడితే వస్తుంది. నింపే గళ్లు అందులోంచే తీసుకుని, తేదీకి డేట్ పికర్, విభాగానికి డ్రాప్‌డౌన్, అభిప్రాయాలకు ప్లెయిన్ టెక్స్ట్ పెట్టు. ఈ చివరిదాని ప్రాపర్టీస్‌లో ఒకటికి మించి పేరాలు రాసుకోనిచ్చే టిక్కు ఉంటుంది, అది పెట్టకపోతే ఎంటర్ నొక్కినా పని చెయ్యదు. ఈ గళ్లలో మార్కులు వాటంతటవే కూడవు. మొత్తం కావాలంటే ఎక్సెలే నయం.

రేటింగుకి అయిదు అంకెలు పెట్టావు. మొహమాటపడే మేనేజరు అందరికీ మధ్యలో ఉన్న మూడు వేసి చేతులు దులుపుకుంటాడు. నేనైతే నాలుగే పెట్టి, ప్రతి అంకె పక్కనా దాని అర్థం రాస్తాను.

నాకు అసలు నచ్చనిది వేరే ఉంది. మేనేజరు రాయడానికి ఆరు గళ్లు, ఉద్యోగికి సంతకం ఒక్కటేనా? మా రోజుల్లో పై అధికారి ఏటా మా పని మీద రాసే కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో ఏం రాశారో మాకు తెలిసేదే కాదు. సరిహద్దుల్లో రోడ్లు వేసే కేంద్ర సంస్థ బోర్డర్ రోడ్స్‌లో ఇంజనీరు దేవ్ దత్‌కి ఒక ఏడాది ‘గుడ్’ అని రాశారు. ప్రమోషన్‌కి ‘వెరీ గుడ్’ కావాలి. ‘గుడ్’ అంటే చెడ్డ మాట కాదుగా, అందుకని ఆయనకి చెప్పనేలేదు. ఆయన కేసులోనే, ప్రభుత్వోద్యోగికి రాసిన ప్రతి ఎంట్రీ తెలియజేయాల్సిందేనని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. 2009లో కేంద్రం మొత్తం రిపోర్టు ఉద్యోగికి ఇవ్వాలని ఆర్డరు వేసింది. మీది ప్రైవేటు కంపెనీ, ఆ తీర్పు మీకు వర్తించదనుకో. అయినా మేనేజరు రాసిన దాని కిందే, అంతే పెద్ద గడి ఉద్యోగికీ పెట్టు. సంతకం దగ్గర ‘చదివాను’, ‘ఒప్పుకుంటున్నాను’ అని రెండు చెక్‌బాక్సులు విడివిడిగా ఉండాలి. చదివినవాళ్లంతా ఒప్పుకున్నట్టు కాదు.

అంతా అయ్యాక రిస్ట్రిక్ట్ ఎడిటింగ్‌లో ఫారం నింపడం వరకే వదిలి లాక్ చెయ్యి. ఈ లాక్ ఎవరి గడి ఎవరిదో చూడదు, ఒకరు రాసింది ఇంకొకరు మార్చగలరు. కాబట్టి ఇద్దరూ రాశాక పీడీఎఫ్ చేసి ఇద్దరికీ పంపు. ఖాళీ ఫైలు టెంప్లేట్‌గా, అంటే నమూనాగా, సేవ్ చేసుకో, లేదంటే మొదట నింపినవాడి పేరు మీదే అందరి ఫారాలూ వస్తాయి!

మార్చాక నాకు మళ్లీ పంపు. ఉద్యోగి గడి నేను నింపి చూస్తాను, మేనేజరు గళ్లు మీ అమ్మ నింపుతుంది.

ఇట్లు,
నాన్న