వైఫల్య నివేదిక వ్యాపార రహస్యం కాకూడదు: అంతరిక్ష శాఖ సహాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్ జితేంద్ర సింగ్ గారికి,

నమస్కారాలు.

2019 నవంబరులో మీరు లోక్‌సభకు ఇచ్చిన ఒక లిఖితపూర్వక సమాధానం గురించి ఈ లేఖ రాస్తున్నాను. చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ ఏమైందన్న ప్రశ్నకు అది జవాబు. చంద్రుడి నేలకు 30 కిలోమీటర్ల ఎత్తు నుంచి 7.4 కిలోమీటర్ల ఎత్తు దాకా తొలి దశ అనుకున్నట్టే సాగిందనీ, ఆ దశలో వేగం సెకనుకు 1683 మీటర్ల నుంచి 146 మీటర్లకు తగ్గిందనీ, రెండో దశలో మాత్రం వేగం నిర్ణయించినదానికన్నా ఎక్కువగా తగ్గిపోయిందనీ, దానివల్ల తర్వాతి దశ మొదలయ్యేసరికి పరిస్థితి డిజైన్ హద్దులు దాటిందనీ, చివరికి విక్రమ్ దిగాల్సిన చోటికి 500 మీటర్ల లోపలే నేలను గట్టిగా ఢీకొట్టిందనీ అందులో చెప్పారు.

అప్పట్లో నేను ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. ఆ అంకెలను బోర్డు మీద రాసి లెక్క కట్టమన్నాను. ఖర్చయిన ఇంధనం బరువును పక్కన పెడితే, గతిశక్తి దాదాపు నూట ముప్పయ్యో వంతుకు పడిపోయిందని పిల్లలు తేల్చారు. అంతలో వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "వేగం ఎక్కువగా తగ్గితే మేలే కదా సర్, మరి ఎందుకు కూలింది?" అని అడిగింది. ఆ ప్రశ్నకు మీ సమాధానంలో జవాబు లేదు. నా దగ్గరా లేదు.

జవాబు 2023 జులైలో దొరికింది. చంద్రయాన్-3 ప్రయోగానికి కొద్ది రోజుల ముందు అప్పటి ఇస్రో అధ్యక్షులు సోమనాథ్ గారు బహిరంగంగా వివరించారు. ఇంజన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ థ్రస్ట్ (నెట్టే బలం) ఇచ్చాయి. ఆ తేడాలు పోగుపడ్డాయి. వాటిని సరిదిద్దుకోవడానికి నౌక వేగంగా తిరగాల్సి వచ్చింది, కానీ దాని సాఫ్ట్‌వేర్ అంత వేగంగా తిరగనివ్వలేదు. పైగా దిగడానికి కేటాయించిన చోటు 500 మీటర్ల పొడవు, 500 మీటర్ల వెడల్పు మాత్రమే కావడంతో, నేల దగ్గర పడుతున్నా ఆ చోటును అందుకోవడానికి విక్రమ్ మళ్లీ వేగం పెంచుకుంది. అదీ ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు. ఆ పాఠం వల్లనే చంద్రయాన్-3లో మధ్యనున్న అయిదో ఇంజన్ తీసేశారు, దిగే చోటును 4 కిలోమీటర్ల పొడవు, 2.5 కిలోమీటర్ల వెడల్పుకు విస్తరించారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ (దాని పేరూ విక్రమే) నిటారుగా దిగింది. ఓడిపోయిన ల్యాండర్ పంపిన సమాచారమంతా ఇస్రో చేతిలోనే ఉండబట్టి అది సాధ్యమైంది.

ఇప్పుడు నా ప్రశ్న ఇది. ఆ ల్యాండర్ ఒక ప్రైవేటు సంస్థదై ఉంటే ఆ సమాచారం ఎవరి చేతిలో ఉండేది?

ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. 2020లో మీ ప్రభుత్వం అంతరిక్ష రంగం తలుపులు తెరిచింది. 2023 అంతరిక్ష విధానం ఆ దారిని ఖరారు చేసింది. 2024 సెప్టెంబరు 18న 2104.06 కోట్ల రూపాయలతో చంద్రయాన్-4కు మంత్రివర్గం ఆమోదం తెలిపినప్పుడు, పరిశ్రమల భాగస్వామ్యంతో 36 నెలల్లో పని పూర్తవుతుందని చెప్పారు. 2040 నాటికి భారతీయుణ్ణి చంద్రుడి మీద దింపాలన్న లక్ష్యం ఉంది. ఇంత పని ఇస్రో ఒక్కటే చేయలేదన్న వాదనతో నేను ఏకీభవిస్తాను. ప్రైవేటు సంస్థలు రావాలనే కోరుకుంటాను. నిజానికి అవి ఎప్పుడూ బయట లేవు. అపోలో ల్యాండర్‌ను తయారుచేసింది గ్రమ్మన్ అనే ప్రైవేటు సంస్థే, మన రాకెట్ల విడిభాగాలు గోద్రెజ్, ఎల్ అండ్ టీ కర్మాగారాల నుంచి దశాబ్దాలుగా వస్తూనే ఉన్నాయి. అయితే అక్కడ డిజైన్ మీద పెత్తనం ప్రభుత్వ సంస్థది. ఇప్పుడు వస్తున్న మార్పు వేరు. వాహనాన్ని కట్టించుకోవడం మానేసి, ప్రయాణాన్ని కొనుక్కునే పద్ధతి ఇది. డిజైన్, పరీక్షల ఫలితాలు, పొరపాట్ల చరిత్ర అన్నీ అమ్మేవాడి దగ్గరే ఉంటాయి.

ఈ దారిలో అమెరికా మనకన్నా చాలా ముందుంది కాబట్టి అక్కడి మంచీ చెడూ రెండూ చూడాలి. మంచి ఏమిటంటే, ధర ముందే ఖాయం చేసుకున్న ఒప్పందంలో ఆలస్యానికయ్యే ఖర్చు సంస్థ మీదే పడుతుంది. స్టార్‌లైనర్ నౌక మీద బోయింగ్ 200 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది, ఆ భారం ప్రజల ఖజానా మీద పడలేదు. చెడు ఏమిటంటే, జ్ఞానం ఒక్క సంస్థ దగ్గరే పేరుకుపోతే ప్రభుత్వానికి మరో దారి మిగలదు. 2025 జూన్‌లో అధ్యక్షుడు ట్రంప్‌కూ స్పేస్ఎక్స్ సంస్థ అధిపతి ఎలాన్ మస్క్‌కూ మాటామాటా పెరిగినప్పుడు, వ్యోమగాములను మోసుకెళ్లే తమ డ్రాగన్ నౌకను ఉపసంహరిస్తామని మస్క్ సామాజిక మాధ్యమంలో ప్రకటించి, కొన్ని గంటల్లోనే ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఒక దేశపు మానవ అంతరిక్షయానం ఆ కొన్ని గంటలు ఒక వ్యక్తి కోపం మీద ఆధారపడింది.

చంద్రుడి మీద దిగడం దగ్గరికే వద్దాం. 2024 ఫిబ్రవరిలో అమెరికా సంస్థ ఇంట్యూటివ్ మెషీన్స్ వారి ల్యాండర్ ఒడిస్సియస్ దిగుతూ పక్కకు ఒరిగింది. ఎత్తును కొలిచే లేజర్ తాలూకు రక్షణ స్విచ్‌ను ప్రయోగానికి ముందు తీయడం మరిచిపోయారు. 2025 మార్చిలో అదే సంస్థ రెండో ల్యాండర్ అథీనా కూడా ఒరిగిపోయింది, ఈసారి ఎత్తు కొలిచే సంకేతాల్లో గందరగోళం ఒక కారణం. జూన్‌లో జపాన్ సంస్థ ఐస్పేస్ వారి రెసిలియన్స్ కూలింది, అక్కడా లేజర్ పరికరమే సరిగా పనిచేయలేదు. పదహారు నెలల్లో మూడు ల్యాండర్లు, మూడింటికీ దెబ్బ ఒకే చోట. మూడు సందర్భాల్లోనూ సంస్థలు కారణం బయటపెట్టడం మెచ్చుకోదగిన విషయమే. కానీ ఎంత చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో అవే నిర్ణయించుకున్నాయి. రేపు మన దగ్గర ఒక సంస్థ చెప్పకూడదని నిర్ణయించుకుంటే అడిగే హక్కు ఎవరికి ఉంటుంది? సమాచార హక్కు చట్టంలోని 8(1)(డి) సెక్షన్ వాణిజ్య గోప్యతకూ వ్యాపార రహస్యాలకూ మినహాయింపు ఇస్తోంది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే వెల్లడించవచ్చని కూడా ఆ సెక్షనే చెబుతోంది కానీ, ఆచరణలో ఆ ప్రయోజనం ఉందని చూపించాల్సిన బరువు తరచుగా అడిగినవాడి నెత్తినే పడుతుంది.

అందుకే చంద్రయాత్రలకు సంబంధించిన ప్రతి ఒప్పందంలోనూ, పని మొదలవక ముందే, ఒక నిబంధన స్పష్టంగా రాయించమని కోరుతున్నాను. ప్రభుత్వ డబ్బుతో వెళ్లిన ఏ వాహనం విఫలమైనా దాని టెలిమెట్రీ (ప్రయాణంలో వాహనం భూమికి పంపే సాంకేతిక సమాచారం) మొత్తం వెంటనే ఇస్రోకు అందాలి, పూర్తి విశ్లేషణ నివేదిక నిర్ణీత గడువులోగా ప్రజల ముందుకు రావాలి. ఇంజన్ డ్రాయింగులూ తయారీ కిటుకులూ సంస్థ దగ్గరే ఉంచుకోనివ్వండి, వాటి మీద పెట్టుబడి పెట్టినవారికి ఆ రక్షణ న్యాయమే. ఏది ఎందుకు విరిగిందన్నది మాత్రం రహస్యం కాకూడదు. 1967 అంతరిక్ష ఒప్పందం ఆరో అధికరణం ప్రకారం ప్రైవేటు సంస్థల అంతరిక్ష కార్యకలాపాలకు కూడా దేశమే బాధ్యత వహించాలి, వాటిని నిరంతరం పర్యవేక్షించాలి. వివరాలు చేతిలో లేకుండా పర్యవేక్షణ ఎలా సాగుతుంది?

సంస్థను ఎంచుకున్న కారణాలు కూడా బయట ఉండాలి. 2021 ఏప్రిల్‌లో చంద్రుడి మీద మనుషులను దింపే ల్యాండర్ పనిని నాసా 289 కోట్ల డాలర్లకు స్పేస్ఎక్స్ ఒక్కదానికే ఇచ్చినప్పుడు, అదే పనికి 599 కోట్ల డాలర్లు అడిగిన పోటీ సంస్థ బ్లూ ఆరిజిన్ అభ్యంతరం చెప్పింది. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం దాన్ని జులైలో తోసిపుచ్చింది, నవంబరులో న్యాయస్థానమూ తోసిపుచ్చింది. రెండేళ్ల తర్వాత బ్లూ ఆరిజిన్‌కు కూడా 340 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కి, నాసాకు రెండో దారి ఏర్పడింది. ఎవరిది న్యాయమన్న సంగతి అలా ఉంచండి. ఎంపిక పత్రం అందరికీ అందుబాటులో ఉండబట్టే, ఏ సంస్థకు ఎందుకు మంచి మార్కులు పడ్డాయో సామాన్యుడు సైతం చదివి వాదించగలిగాడు. మన దగ్గర ఆ చర్చ జరగాలంటే ముందు కాగితం చదవడానికి దొరకాలి.

ఒక సంస్థను ఏదైనా అడిగే ముందు ప్రభుత్వం తన వంతు చేసి చూపించాలి. చంద్రయాన్-2 వైఫల్యంపై నిపుణుల సంఘం ఇచ్చిన పూర్తి నివేదిక ఇప్పటికీ బయటికి రాలేదు. ఆ సంఘానికి నేతృత్వం వహించిన నారాయణన్ గారే 2025 జనవరిలో ఇస్రో అధ్యక్షులయ్యారు. అందులోని పాఠాలతో కట్టిన ల్యాండర్ విజయవంతంగా దిగింది కూడా. ఇక దాచడానికి మిగిలిన కారణం నాకు కనిపించడం లేదు. చంద్రయాన్-4 ఒప్పందాలు ముందుకు సాగకముందే ఆ నివేదికను పార్లమెంటు ముందు ఉంచండి. ఆనాడు వెనక బెంచీలోంచి లేచి అడిగిన అమ్మాయికి అందులో సంబంధించిన పేజీని చూపించాలని ఉంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు