ఇంగ్లిష్ సందేహాలకు జవాబు తెలుగు నుంచే మొదలుకావాలి

సంపాదకులకు నమస్కారం.

పోటీ పరీక్షల అభ్యర్థుల కోసం మీ విద్యా పేజీలో ఇంగ్లిష్ వ్యాకరణ సందేహాలకు ఇస్తున్న జవాబులను నేను క్రమం తప్పకుండా చదువుతున్నాను. ముప్పై ఏళ్లకు పైగా ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లిష్ బోధించి, ఇప్పుడు హనుమకొండలో సాయంత్రం పూట కొందరు పిల్లలకు పాఠం చెబుతున్నవాడిగా ఒక్క విషయం మీ దృష్టికి తేదలచాను. మీ జవాబుల్లో తప్పు లేదు. కానీ ఆ పొరపాటు మన పిల్లలే ఎందుకు చేస్తారన్నది వాటిలో ఎక్కడా కనిపించదు. అది తెలియనంత కాలం నియమం నోటికి వస్తుంది గానీ రాతలోకి రాదు.

నర్సంపేట దిక్కు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటూ చదువుకుంటున్న ఒక అమ్మాయి నోట్‌బుక్ మొన్న చూశాను. కాలవ్యవధికి 'ఫర్', కాలం మొదలైన చోటికి 'సిన్స్' అని ఎర్ర సిరాతో రాసి, కింద రెండు గీతలు గీసుకుంది. ఆ గీతల కిందే తన సొంత వాక్యం ఉంది: 'ఐ యామ్ స్టేయింగ్ ఇన్ హాస్టల్ సిన్స్ టూ ఇయర్స్.' నియమం తెలియక రాసిన వాక్యం కాదది. 'రెండేళ్ల నుంచి హాస్టల్లో ఉంటున్నాను' అన్న తెలుగు వాక్యం ఆమె మనసులో ముందే సిద్ధంగా ఉంది. తెలుగులో 'రెండేళ్ల నుంచి' అన్నా, '2023 నుంచి' అన్నా ఆ 'నుంచి' ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. 'నుంచి' లేకుండా అదే మాట చెప్పమ్మా అని అడిగితే 'రెండేళ్లుగా ఉంటున్నాను' అంది. మరి '2023గా' అనగలవా అంటే నవ్వేసింది. 'గా' పొసిగే చోట 'ఫర్', పొసగని చోట 'సిన్స్'. కొన్ని రోజులుగా, చాలా కాలంగా అంటాం కాబట్టి అక్కడ 'ఫర్'. చిన్నప్పటి నుంచి, పొద్దుటి నుంచి అన్నవాటికి 'గా' చేరదు కాబట్టి అక్కడ 'సిన్స్'. ఆ తేడా ఆమె భాషలోనే ఉంది, ఎవరూ చూపించలేదు, అంతే. ఇక 'ఉంటున్నాను' అన్న వర్తమాన క్రియ ఆ వాక్యంలో రెండో పొరపాటుకు కారణం. ఎప్పుడో మొదలై ఇంకా సాగుతున్న పనికి తెలుగులో వర్తమానమే చాలు, ఇంగ్లిష్‌లో మాత్రం 'హావ్ బీన్ స్టేయింగ్' అనక తప్పదు.

'ఎ', 'యాన్' సంగతి మరీ బాధ కలిగిస్తుంది. అచ్చుల ముందు 'యాన్' అని ఐదు ఇంగ్లిష్ అక్షరాలను చూపించే గైడ్లు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. వాటిని నమ్మిన పిల్లలు 'యాన్ యూనివర్సిటీ' అనీ, 'ఎ అవర్' అనీ రాసి మార్కులు పోగొట్టుకుంటున్నారు. చూడవలసింది స్పెల్లింగ్‌ను కాదు, ధ్వనిని. పలికినట్టే రాసే లిపి మన చేతిలో ఉండగా ఈ ప్రశ్న మనవాళ్లకు ఇంత కష్టం కావలసిన పనే లేదు. ఆ మాటను తెలుగులో రాసి చూసుకోమంటాను. అవర్, ఆనెస్ట్, ఎమ్మెల్యే, ఎస్సై అచ్చుతో మొదలవుతాయి కనుక 'యాన్'. యూనివర్సిటీ, యూరోపియన్, వన్ హల్లుతో మొదలవుతాయి కనుక 'ఎ'. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. 'ఎం.ఎ.'ను 'యం.ఎ.' అని రాసే పాత అలవాటు మనలో ఇంకా ఉంది, అలా రాసుకుంటే ఈ పద్ధతి దారి తప్పిస్తుంది. ఇన్నేళ్ల పాఠాల్లో ఇంత త్వరగా పట్టుబడిన కిటుకు నాకు మరొకటి కనిపించలేదు.

'ది' విషయంలో ఇంత తేలిక దారి లేదు. నదుల పేర్లకు అది కావాలి, చెరువులకు అక్కర్లేదు కాబట్టి 'ది గోదావరి' అంటాం గానీ పాకాల చెరువును 'పాకాల లేక్' అనే అంటాం. దీన్ని వాడుకలో నేర్చుకోవలసిందే.

మరికొన్ని ప్రశ్నలకు అసలు లోటు పిల్లల్లో కాదు, ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. 'మన లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు దేశానికి ఎన్నో ప్రధాని?' అన్న వాక్యాన్ని ఇంగ్లిష్‌లో ఎలా అడగాలని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. మన 'ఎన్నో'కు సరిపోయే వాడుక మాట ఆ భాషలో లేదు, ఆయనకు ముందు ఎంతమంది ప్రధానులు పనిచేశారని చుట్టు తిప్పి అడగాలి. 'మేము', 'మనం' అన్న తేడా కూడా అక్కడ లేదు, రెంటికీ 'వి' ఒక్కటే. ఈ మాట చెప్పకుండా 'అది అంతే, బట్టీ పట్టు' అంటే తనకే ఏదో రాదని ఆ పిల్లవాడు కుంగిపోతాడు. అలా కుంగి, నోరు విప్పడమే మానేసిన పిల్లలను నేను తరగతి గదిలో చాలామందిని చూశాను.

2022-23 విద్యాసంవత్సరం నుంచి మన ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మాధ్యమం వచ్చింది. అప్పుడే ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలూ వచ్చాయి. లెక్కలకూ సైన్సుకూ పక్కన తెలుగు ఉంటే మేలని ఒప్పుకున్న మనం, తెలుగు ఆసరా అన్నిటికన్నా ఎక్కువ కావలసిన వ్యాకరణానికి మాత్రం తరగతి గదిలో తెలుగు మాట వినపడకూడదంటున్నాం. ప్రైవేటు బడుల్లో ఈ పట్టింపు మరీ ఎక్కువ.

అందుకే మిమ్మల్ని కోరేది ఇది. ప్రతి సందేహానికి జవాబిచ్చేముందు, ఆ తప్పు వెనుక ఉన్న తెలుగు వాక్యాన్ని కూడా అచ్చు వేయించండి. పాఠకులు పంపిన ఇంగ్లిష్ వాక్యాలను సరిదిద్ది ప్రచురించకుండా, వారు రాసింది రాసినట్టే ఉంచండి. ఎక్కడ తడబడ్డారో ఆ వాక్యంలోనే తెలుస్తుంది, దిద్దేస్తే అదే పోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు,
హనుమకొండ